ఆలస్యంగా కాసే మొక్క

ఉద్దానం,
మార్చి 9, ఆదివారం.

రావివలస ఎండలో ఉన్న సింహాచలం మావయ్యకి,

ఉద్దానం ఇసుకలోంచి మీ చెల్లెలి కూతురు హిమజ నమస్కారాలు. ఫోను చేస్తే మీకు వినబడదు. జీడిపిక్కల లారీ నడిపే మీ కూర్మయ్య వారం వారం ఇటు వస్తాడు గానీ, అతని చేత కబురు పంపితే టెక్కలి దాటేసరికి సగం మారిపోతుంది. అందుకని రాస్తున్నాను.

నాకు మొక్కల సంగతి తెలీదు. కాశీబుగ్గలో మా ఇంటికి పెరడే లేదని మీకు తెలుసు. పెళ్ళై ఇక్కడికి వచ్చేసరికి చెట్లు వాటంతట అవే ఉండేవి. కొబ్బరి, జీడి, పనస. వాటికి ఎవరైనా నీళ్ళు పోయగా నేను చూడలేదు. తిత్లీ తుపాను వచ్చి ఏడేళ్ళు కావస్తోంది. ఇంటి వెనకాల పద్నాలుగు కొబ్బరిచెట్లూ, పనస చెట్టూ ఆ తుపానులోనే పోయాయి. ఇప్పుడక్కడ పది సెంట్ల ఇసుక ఉంది. పొద్దున్న పదకొండు దాటితే దాని మీద కాలు పెట్టలేం.

ఆ ఇసుకలో నేను తోట వేయాలి. మీ అల్లుడికి డయాలిసిస్ మొదలై పదహారు నెలలైంది. సోమవారం, గురువారం పలాస వెళ్ళి నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకోవాలి. అక్కడ తిండి గురించి చెప్పే అశ్విని అనే అమ్మాయి మాకో కాగితం ఇచ్చింది. తినకూడనివి ఒక పక్క, తినదగినవి ఒక పక్క. తినకూడని పక్క చదువుతుంటే మా ఊరి పొలిమేర చుట్టూ నడిచినట్టే ఉంది. కొబ్బరి నీళ్ళు, పనస, మామిడి, అరటి, జీడిపప్పు, మునగాకు. కొబ్బరి రైతు కొబ్బరిబొండం ముట్టుకోకూడదు. తినదగిన పక్కన ఆనప, బీర, దొండ, వంగ. అవి కూడా ముక్కలు కోసి నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్ళు వార్చేసి వండాలి. అంటే మావయ్యా, ఈ ఇసుకలో బతికేవి ఆయన తినకూడదు. ఆయన తినదగినవి ఈ ఇసుకలో బతుకుతాయో లేదో నాకు తెలీదు.

మొన్న ఒకసారి ప్రయత్నించాను. బండి మీద మొక్కలమ్మే అతని దగ్గర గులాబీలు, టమాటా నారు కొని నాటాను. పదకొండు రోజులకి అన్నీ మాడిపోయాయి. వాటికి బోరు నీళ్ళు పోయలేదు. ఈ నీళ్ళ వల్లే ఈ కిడ్నీ జబ్బు అని కొందరంటారు, కాదని కొందరంటారు. ఆ నీళ్ళు మొక్కలోకి వెళ్ళి, కాయలోకి వెళ్ళి, కూరలోంచి ఆయనలోకి వెళ్తాయని నా భయం. తాగడానికి కొనే క్యాను నీళ్ళనే గ్లాసుతో పోశాను. పోసిన నీళ్ళు ఎటు పోయాయో కూడా కనబడలేదు.

ఏ మొక్కలు వేయాలో పేర్లు రాయండి. ఇంకొక్క మాట. త్వరగా కాసేవి నాకు వద్దు. మొక్క బతకాలి, ఆకు పచ్చగా ఉండాలి, కాపు మాత్రం వీలైనంత ఆలస్యంగా రావాలి. ఎందుకని అడగకండి. అమ్మకి చెప్పకండి.

మీ
హిమజ


రావివలస,
మార్చి 14.

అమ్మా హిమజా,

మావయ్య దీవెనలు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

ముప్పై ఏళ్ళు నర్సరీలో పనిచేశాను. కొత్తగా తోట వేసేవాళ్ళు తమ కంటికి నచ్చిన మొక్క కొంటారు, నేలకి నచ్చేది కొనరు. గులాబీ మీ ఇసుకకి కాదు. టమాటా ఎండకీ కాదు, అల్లుడికీ కాదు. కూర్మయ్య చేత ఆనప, బీర, వంగ విత్తనాలు పంపుతున్నాను. తడిగుడ్డలో చుట్టినవి దొండ తీగ ముక్కలు, అవి ఆ రోజే నాటెయ్. బిళ్ళగన్నేరు నారు కూడా ఉంది. అది కూరకి పనికిరాదు, కానీ కొత్తవాళ్ళకి ధైర్యం వస్తుంది. ఆ మొక్క కూడా చచ్చిపోతే నువ్వు కావాలనే చంపావని అనుకుంటాను. ఇంతకు మించి ఈ ఏడాది ఏమీ వేయకు.

మోకాలి లోతు గొయ్యి తియ్యి. అడుగున కొబ్బరి పీచు పరిచి, పైన మాగిన పెంట, ఆ పైన మట్టి వెయ్యి. పీచు నీళ్ళు పట్టి ఉంచుతుంది. గొయ్యి పక్కనే మట్టికుండని మెడ దాకా పాతి, దాన్నిండా నీళ్ళు పోసి మూత పెట్టు. పైన పోసిన నీళ్ళు ఇసుక తాగుతుంది. కుండలో పోసినవి వేరు తాగుతుంది. పడమటి వైపు కొబ్బరి కమ్మలు దడిలా కట్టు. మధ్యాహ్నం ఎండ అటునుంచి కొడుతుంది.

నీళ్ళ సంగతి. ఈ జబ్బు ఎందుకొస్తోందో పెద్ద చదువులు చదివినవాళ్ళే ఇంకా తేల్చలేదు, నేను తేల్చలేను. నీకు భయంగా ఉంటే బోరు నీళ్ళు పూలమొక్కకి పొయ్యి. కూర పాదులకి బియ్యం కడిగిన నీళ్ళు, అల్లుడి కూర ముక్కలు వార్చిన నీళ్ళు చల్లార్చి పొయ్యి. ఆ నీళ్ళలోకి దిగే సారం ఆయనకి చెడు చేసినా మొక్కకి మేలు చేస్తుంది. చాలనప్పుడే క్యాను నీళ్ళు, అదీ కుండలోనే.

ఆలస్యంగా కాసేవి కావాలని రాశావు. ఇన్నేళ్ళలో ఆ మాట నన్నెవరూ అడగలేదు. అందరికీ రేపే కాయ కావాలి. ఆనప అరవై రోజులకి కాస్తుంది. కాయకుండా ఊరికే ఉండే కూరపాదు నాకు తెలీదు. ఎందుకని అడగొద్దన్నావు గనక అడగను. చెబితే వింటాను. నాకు వినడమంటే చదవడమే గదా.

సింహాచలం


ఉద్దానం,
మే 4, ఆదివారం.

మావయ్యా,

మీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ఫిబ్రవరి ఇరవయ్యో తేదీ గురువారం, బస్సు వేళకి ఆయన చొక్కా తొడుక్కుని గుమ్మం దాకా వచ్చి, మళ్ళీ విప్పి చిలక్కొయ్యకి తగిలించేశారు. ఇంక వెళ్ళనన్నారు. కాళ్ళ నొప్పి అనలేదు, సూదుల నొప్పి అనలేదు. ఈ చప్పిడి కూర తిని, రోజుకి ఇన్ని నీళ్ళని సీసా మీద గీత గీసుకుని తాగి, వారానికి రెండు రోజులు ఆ మంచం మీద పడుకుని, మిగిలిన ఐదు రోజులూ దానికోసం తయారవడం తన వల్ల కాదన్నారు. మా మరిది వచ్చి కేకలేశాడు. పక్కింటి ఎర్రమ్మ పిన్ని వచ్చి బతిమాలింది. వీధిలో పోయేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆగారు. ఆయన అరుగు మీద కూర్చుండిపోయారు.

నాకేం మాట్లాడాలో తోచక ఒక పిచ్చిమాట అన్నాను. బజారు కూర చప్పగా ఉంటే మన పెరట్లోనే పండించి వండిపెడతాను, ఆ కూర తినేదాకా అయినా వెళ్ళండి అన్నాను. ఆయన చాలా రోజుల తర్వాత నవ్వారు.

“నువ్వేటి, తోట ఏటి? తులసమ్మనే రెండుసార్లు సంపేసినావు” అన్నారు. నిలబడినవాళ్ళు కూడా నవ్వారు. తర్వాత ఆయన లేచి చొక్కా తీసుకున్నారు. “సరే. ఇంతమంది ముందు సెప్తన్నాను. దీని తోటలో తొలికాయ కాసేదాకా ఎల్తాను. కాసినాక నన్నెవరూ రమ్మనకండి. ఇది మాట.”

ఆయన మాట సంగతి మీకు తెలుసు. తొమ్మిదేళ్ళ కిందట గట్టు తగాదాలో తమ్ముడి గుమ్మం తొక్కనన్నారు. ఆ తగాదా ఆ నెలలోనే తీరిపోయింది. ఇప్పటికీ వాళ్ళింటికి వెళ్తే గుమ్మం బయటే నిలబడి టీ తాగి వస్తారు. వానొస్తే గొడుగు వేసుకుని తాగుతారు. ఊళ్ళో అందరికీ అది నవ్వులాట. ఇప్పుడు నాకు నవ్వు రావడం లేదు.

తోట వేయకపోతే ఆ మాటకి అర్థం లేదు, ఆయన ఆ వారమే మానేస్తారు. తోట వేస్తే అది కాస్తుంది. అందుకే ఆలస్యంగా కాసేవి అడిగాను. మీరు పంపిన పొట్లాలు ఆయనే విప్పారు. ఆనప గింజలు ఆయనే పెట్టారు, నేను వద్దనే లోపల. కుండలు కూడా ఆయనే కూర్చుని కూర్చుని, ఆగి ఆగి పాతారు. బీర ఎండకి పోయింది. వంగ మూరెడు కూడా ఎదగలేదు. దొండ పాకుతోంది గానీ పూత లేదు. ఆనప మాత్రం పందిరి నిండా అల్లి, స్నానాల గది రేకు మీదకి ఎక్కేసింది.

పదిరోజుల నుంచి పూస్తోంది. మగపువ్వుకి పొడుగాటి కాడ. ఆడపువ్వుకి కింద బొటనవేలంత పిందె, నూగుతో. సాయంత్రం ఆయన అరుగు మీద ఉన్నప్పుడు పందిరి కిందకి వెళ్ళి ఆడపువ్వులన్నీ తుంచేస్తున్నాను. గొయ్యి తీసి ఇసుకలో కప్పేస్తున్నాను. నిన్నటికి పదిహేడు. ఎర్రమ్మ పిన్ని గోడ మీంచి చూసి, “ఏటమ్మా, పందిరి నిండా తీగే గానీ పిందొకటీ నిలబడదు. నీది గొడ్డు సెయ్యేటి?” అంది. ఆవిడ మాటతీరే అంత, మనసులో ఏమీ ఉండదు. కానీ పెళ్ళై పదమూడేళ్ళు, నాకు పిల్లల్లేరు. నా చేతుల్తో పిందెలు తుంచుతున్నాను. ఇంతకంటే ఏమీ రాయలేను.

కాపు ఆపే మందేదైనా ఉంటే పంపండి.

హిమజ


రావివలస,
మే 9.

అమ్మా హిమజా,

అలాంటి మందు లేదు. ఉన్నా పంపను.

నీకొక సంగతి తెలియాలి. పిందె తుంచిన తీగ ఊరుకోదు. కాయ నిలబడితే బలమంతా దానికే పోతుంది గనక పూత తగ్గుతుంది. తుంచేకొద్దీ మళ్ళీ మళ్ళీ ఆడపూలు వేస్తుంది. నువ్వు ఆపుతున్నానని అనుకుంటున్నావు, నిజానికి ఎక్కువ పూయిస్తున్నావు. ఏదో ఒకటి నీ కన్ను తప్పుతుంది. అప్పుడేం చేస్తావో ఇప్పుడే ఆలోచించుకో. అల్లుడితో నేరుగా మాట్లాడటం మేలు. నా సలహా మొక్కల వరకే పనికొస్తుందేమో, తెలీదు.

సింహాచలం


ఉద్దానం,
మే 27, మంగళవారం.

మావయ్యా,

మీరు చెప్పినట్టు మాట్లాడదామనుకున్నాను. ఆలస్యమైపోయింది.

నిన్న సోమవారం ఆయన వెళ్ళలేదు. పొద్దున్నే చొక్కా ఇస్తే తీసుకోలేదు. “ఈయేళ ఎల్లను” అన్నారు. ఎందుకని అడిగితే పందిరి వైపు చూసి, గోడ వైపు తిరిగి పడుకున్నారు. నేను పందిరంతా వెతికాను. కాయ లేదు. పిందె కూడా లేదు, అన్నీ నేనే తుంచాను. మరి ఏ కాయ చూసి మానేశారు? లేకపోతే నేను తుంచడం చూశారా? ఇసుకలో కప్పినవి కుక్క తవ్వితే బయటపడ్డాయి, అవి చూసి ఉంటారు. మాట తప్పించడానికి దొంగాట ఆడానని తెలిస్తే ఇంక నా మొహం కూడా చూడరు.

ఈవేళ ఆయన పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. నాలుగడుగులు వేసి ఆయాసపడుతున్నారు. గురువారం ఎల్లుండే. వెళ్తారో లేదో తెలీదు. అశ్వినికి ఫోను చేస్తే వెంటనే తీసుకురమ్మంది. ఆయన కదలడం లేదు. పెద్దమనిషిని ఎత్తుకుని తీసుకెళ్ళలేను గదా.

ఇప్పుడు రాసేది ఎవరికీ చెప్పలేదు. నిన్న ఆయన వెళ్ళననగానే నాకు మొదట కలిగింది భయం కాదు. నాలుగున్నరకి లేవక్కర్లేదు, క్యారేజీ కట్టక్కర్లేదు, బస్సులో ఆయనకి సీటు ఇమ్మని ఎవర్నీ అడగక్కర్లేదు, ఆ వరండాలో నాలుగు గంటలు కూర్చోనక్కర్లేదు అనిపించింది. పొద్దున్న తొమ్మిదింటికి చాప పరుచుకుని నిద్రపోయాను. రెండు గంటలు ఒళ్ళు తెలీకుండా పడుకున్నాను. లేచాక గుర్తొచ్చింది ఎందుకు ఖాళీ దొరికిందో. ఆయన బతకాలని పందిరి కింద దొంగలా తిరిగినదాన్నీ నేనే, ఆయన వెళ్ళనంటే హాయిగా నిద్రపోయినదాన్నీ నేనే. ఇందులో ఏది నిజమో మీరైనా చెప్పండి.

ఒకటి మాత్రం నిర్ణయించుకున్నాను. ఆదివారం ఆయన్ని మరిది మందసలో పెళ్ళికి తీసుకెళ్తానన్నాడు. ఈలోపు ఆయన వెళ్ళగలిగే స్థితిలో ఉంటే, ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ తీగని మొదలంటా పీకేస్తాను. దొండ, వంగ, బిళ్ళగన్నేరు, అన్నీ. కుండలు కూడా పగలగొడతాను. ఎండకి పోయిందని చెబుతాను. తోటే లేకపోతే తొలికాయ లేదు. అప్పుడు ఆయన మాట ఏమవుతుందో నాకు తెలీదు. తెలుసుకునే ఓపిక కూడా లేదు.

హిమజ


రావివలస,
మే 31, శనివారం.

అమ్మా హిమజా,

ఇది పోస్టులో వేస్తే ఆదివారంలోపు అందదు. అందుకని కూర్మయ్యని ఇవాళే బయల్దేరదీశాను. ముందు ఒక్క పని చెయ్యి. తీగ మీద చెయ్యి వేయకు. తర్వాత మిగిలింది చదువు.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. అంతకు ముందే, పొద్దున్న పదింటికి, నీ మొగుడు వచ్చాడు. గురువారం పలాస వెళ్ళి మిషను ఎక్కాడని నీకు తెలుసు. శుక్రవారం నీకేం చెప్పి బయల్దేరాడో నాకు తెలీదు. బస్సు దిగి మెల్లగా నడిచి వచ్చాడు. చంకలో తువ్వాల్లో చుట్టిన ఆనపకాయ ఉంది. మూరెడు ఉంది, లేతగానే ఉంది. తొలికాపు ఎండల మల్లన్నకి పెట్టందే ఇంట్లో తినకూడదని మీ అత్తవారి ఆనవాయితీ అట. ఇద్దరం గుడికి వెళ్ళాం. నెత్తిన కప్పు లేని స్వామి ముందు, ఎండలో కాయ పెట్టాడు. ఏమీ మొక్కుకున్నట్టు కనబడలేదు. వచ్చి నా అరుగు మీద కూర్చున్నాడు.

నాకు వినబడదు గనక నాతో మాట్లాడేవాళ్ళంతా కాగితం మీద రాస్తారు. అతనూ రాశాడు. వెళ్ళేటప్పుడు చింపెయ్యమని సైగ చేశాడు. నేను చింపలేదు. ఒకరి మాట ఇంకొకరికి చేరవేసే అలవాటు నాకు లేదు. ఈ ఒక్కసారికి తప్పు చేస్తున్నాను. ఆ కాగితం ఇదే.

“మావయ్యా, ఇది తొలికాయ. హిమజకి తెల్దు. రేకు మీద ఆకుల సాటున కాసింది. ఎర్రమ్మ పిన్ని డాబా మీంచి సూసి ఆదివారం నాకు సెప్పింది. ఎవరికీ సెప్పొద్దని ఒట్టేయించుకున్నాను. హిమజ రోజూ పిందెలు తుంచుతంది. నేను మొదటి రోజే సూసినాను. సూడనట్టు ఊరుకున్నాను. తుంచనీ అనుకున్నాను. కాయ కనబడినాక మాట మీద నిలబడాలని సోమవారం ఎల్లలేదు. మంగళవారం ఊపిరి ఆడలేదు. బుధవారం బయమేసింది మావయ్యా. సచ్చిపోతానని ఇన్నాళ్ళూ పెద్ద మగాడిలా అన్నాను. గురువారం ఎవరూ పిలవకుండానే బస్సెక్కినాను. అదొచ్చి పక్కన కూకుంది, ఒక్క మాట అడగలేదు. బస్సులో నా బుజం మీద నిద్రపోయింది. మనిసి ఎండిపోయింది. కాయ కాసిందని దానికి తెలిస్తే నేను మాట తప్పినట్టు. తెలీకపోతే ఇంకా కాయనట్టే. ఆ తీగ ఎలాగూ ఆగదు. అందుకని అడుగుతన్నాను. శానా ఏళ్ళకి గానీ కాయని మొక్క ఏటుంది?”

మార్చిలో నువ్వు అడిగిన ప్రశ్న ఇదే. నీకు కూరపాదుల్లో వెతికి లేదన్నాను. అది నా తప్పు. నువ్వు అడిగింది కూర గురించి కాదు.

మా పెరట్లో పండిన పనసపండు ఒకటి నిన్ననే కోశాం. తొనల మీద అతని చూపు పడింది. తినకూడదని నాకు తెలుసు, ఇవ్వలేదు. పిక్కలు మూడు కడిగి తడిగుడ్డలో కట్టి ఇచ్చాను. పిక్క నుంచి పెరిగిన పనస కాపుకి రావడానికి ఏడెనిమిదేళ్ళు పడుతుందని కాగితం మీద రాసి చూపించాను. అతను చదివి, కింద ఇంకో ముక్క రాశాడు. “ఇంకా ఆలస్యంగా కాసేది లేదేటి?” అని. అది రాసి నవ్వాడు. నేనూ నవ్వాను.

నిద్రపోయానని రాశావు. రెండూ నిజమే. పద్దెనిమిది నెలలుగా వారానికి రెండుసార్లు నాలుగున్నరకి లేచిన మనిషి రెండు గంటలు పడుకుంటే, దాన్ని నిద్ర అనే అంటారు. వేరే పేరు పెట్టకు.

అతని జబ్బు నయమవుతుందని నేను రాయడం లేదు. ఆ పిక్క ఖాయంగా మొలుస్తుందని కూడా రాయడం లేదు. మూడు పెడితే ఒకటి మొలుస్తుంది, ఇసుకలో అది కూడా అనుమానమే. పనసపిక్క ఎండితే పనికిరాదు, రెండు మూడు రోజుల్లో పాతాలి. పెళ్ళికి వెళ్ళనని, ఆదివారం పొద్దున్నే తుపానుకి పోయిన పాత పనసచెట్టు గొయ్యిలోనే పాతుతానని చెప్పి వెళ్ళాడు. అంటే నువ్వు తీగ పీకాలనుకున్న రోజే.

గొయ్యి పక్కన కుండ పాతమంటే పాతు. ఎందుకని అడగకు. ఆనప పిందెలు తుంచడం ఒక్కసారిగా మానకు, అతనికి అనుమానం వస్తుంది. రేకు మీద కాసేవి నీకు కనబడవు, వాటిని అతనికి వదిలెయ్. ఎర్రమ్మకి ఆనపకాయ కూర ఇష్టమేమో కనుక్కో, ఈ వేసవంతా ఆవిడింటికి చాలా కాయలు చేరతాయి.

ఈ రెండు కాగితాలూ చదివాక పొయ్యిలో వెయ్యి. సోమవారం బస్సు ఎక్కాక, ఎక్కామని ఒక్క వాక్యం రాయి.

మావయ్య
సింహాచలం